నాన్న రాత్రిళ్ళు మళ్ళీ కాపలా కాస్తున్నారు

టెక్కలి అమ్మాయి
22 అక్టోబర్ 2025, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మొన్న దీపావళి రాత్రి జరిగింది చూశాక రాయక తప్పట్లేదు.

మా నాన్న ఆర్టిలరీలో హవల్దారు. 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర బోఫోర్స్ ఫిరంగి మీద ఉన్నారు. 2006లో పెన్షన్ మీద ఇంటికొచ్చి, ఒక బ్యాంకులో గన్‌మన్‌గా పంతొమ్మిదేళ్ళు చేశారు. అరవై నిండాయని ఈ మార్చిలో రిటైరయ్యారు. ఆ పంతొమ్మిదేళ్ళూ మనిషి బాగానే ఉన్నారు. అంటే, మేం అలా అనుకున్నాం. మాట తక్కువ, కోపం కొంచెం ఎక్కువ, రాత్రి క్యాంటీన్ రమ్ము రెండు పెగ్గులు. మా వైపు మిలిటరీ నుంచి వచ్చిన వాళ్ళంతా అంతే కదా అని సరిపెట్టుకున్నాం.

మే నెలలో టీవీలో రోజంతా ఆపరేషన్ సిందూర్. ఛానళ్ళ వాళ్ళు ఆ సైరన్ మోత వేసిందే వేశారు. ఆపమని చివరికి ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది, గుర్తుండే ఉంటుంది. నాన్న అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని కలపకుండా అలాగే చూస్తూ కూర్చునేవారు. అప్పట్నుంచి నిద్ర పోయింది. రాత్రి రెండింటికి లేచి గేటు తాళం లాగి చూస్తారు. మంచం వరండాలో వేసుకున్నారు, గేటు కనబడేలా. నిద్రలో అరుస్తుంటే అమ్మ భుజం తట్టి లేపబోయింది. మణికట్టు పట్టుకుని మెలితిప్పేశారు. తెలివొచ్చాక ఆయనే ఏడ్చారు. ఇప్పుడు అమ్మ గుమ్మంలోనే నిలబడి "ఏవండీ" అని పిలుస్తుంది.

దీపావళి నాడు వీధిలో పిల్లలు లక్ష్మీ బాంబు కాల్చారు. అమ్మ ప్రమిదలో నూనె పోస్తోంది. నాన్న ఒక్క ఊపున వచ్చి అమ్మను నేలమీదకి తోసి మీద పడిపోయారు, కాపాడ్డానికి. అమ్మ మోచేయి కాలింది. తర్వాత నాన్న పెరట్లో నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి తెల్లారేదాకా అక్కడే కూర్చున్నారు.

ఇరవై ఆరేళ్ళ తర్వాత కూడా ఇలా వస్తుందా? ఎవరికి చూపించాలి? "పిచ్చి డాక్టరు" అనగానే లేచి వెళ్ళిపోతున్నారు.

సుబేదార్ (రిటైర్డ్)
23 అక్టోబర్, ఉదయం 5:52

జై హింద్ అమ్మా. నేను ఇన్‌ఫాంట్రీ, 28 ఏళ్ళ సర్వీసు. కొత్త జవానుగా ఐపీకేఎఫ్‌లో, అంటే శ్రీలంకకి పంపిన మన శాంతిదళంలో, జాఫ్నా వెళ్ళాను, తర్వాత సియాచిన్ చేశాను. మీ నాన్నగారికి పని లేకపోవడమే రోగం. పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడవమనండి. ఎక్స్‌సర్వీస్‌మెన్ సంఘానికి పంపండి. టీవీ కట్టేయండి. ఆ డాక్టర్లు మాత్రలిచ్చి మనిషిని మొద్దు చేస్తారు. ఫౌజీకి వాళ్ళతో పని లేదు.

నిజం మాట
23 అక్టోబర్, ఉదయం 9:15

టెన్షన్ లేనిది ఎవరికండీ? రైతుకి లేదా, ఆటో డ్రైవరుకి లేదా? ప్రతిదానికీ ఇంగ్లిషు పేరు పెట్టి జబ్బు అనడం ఈ మధ్య ఫ్యాషనైంది.

విజయనగరం వదిన
23 అక్టోబర్, మధ్యాహ్నం 1:30

నిజం మాట గారూ, మా ఇంట్లో ఒక్క వారం ఉండి ఈ మాట అనండి.

మా ఆయన సీఆర్పీఎఫ్. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది పోయినప్పుడు ఆయన కంపెనీ ఆ జిల్లాలోనే ఉంది. ఆయనకి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఊళ్ళో వాళ్ళు "అదృష్టవంతుడు" అన్నారు. ఆ అదృష్టవంతుడు పదేళ్ళు మట్టి రోడ్డు మీద కాలు పెట్టలేదు. మందుపాతర మట్టికిందే ఉంటుందట. పొలానికి వెళ్ళాలంటే గట్టు మీదుగా, ఎవరో ఒకరు ముందు నడిచాక వెళ్ళేవారు. మా వంటింట్లో స్టీలు గిన్నెలు తీసి అటక మీద పెట్టేశాను. ఒకసారి చేతిలోంచి పళ్ళెం జారితే ఆయన నా మొహం వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. నన్ను గుర్తుపట్టలేదు ఆ రెండు క్షణాలూ. కుక్కర్ కూత వచ్చేముందు "కూత వస్తుంది" అని ముందే చెప్తాను. ఇది టెన్షనా?

చెల్లీ, నాన్నగారిది రోగమే. మా ఆయనకి తగ్గింది, పూర్తిగా కాదు, మనిషి మళ్ళీ ఇంట్లో మనిషి అయ్యేంత. మీకు కనీసం ఈసీహెచ్ఎస్ కార్డు, అదే మాజీ సైనికుల వైద్య పథకం కార్డు, ఉంటుంది. మా పారామిలిటరీ వాళ్ళకి అది కూడా లేదు.

సైకియాట్రీ ఓపీ
23 అక్టోబర్, రాత్రి 10:05

నేను మానసిక వైద్యుణ్ణి, ప్రభుత్వ ఆసుపత్రిలో చేస్తాను. చూడకుండా రోగం ఖాయం చెయ్యను. కానీ మీరు రాసినవి చదువుతుంటే పీటీఎస్‌డీ, అంటే ఘోరమైనది చూసిన మనిషిని తర్వాత పట్టుకునే మానసిక జబ్బు, గురించి మాకు పాఠం చెప్పినట్టే ఉంది. జరిగిపోయింది మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఒంటికి అనిపించడం, దాని మాట ఎత్తకుండా తప్పించుకోవడం, మనసు మొద్దుబారడం, క్షణం కూడా ఆదమరవకపోవడం. ఈ పేరు వైద్య పుస్తకాలకెక్కింది 1980లో. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులూ, వాళ్ళ వైపు నిలబడిన కొందరు డాక్టర్లూ ఏళ్ళ తరబడి పట్టుబడితే ఎక్కింది. యుద్ధం చూసిన ప్రతివాడికీ ఇది రాదు, ఎక్కువమంది కుదురుకుంటారు. రైతుకీ, ఆటో డ్రైవరుకీ కూడా రావచ్చు, పెద్ద యాక్సిడెంటు తర్వాత.

ఇరవై ఆరేళ్ళ తర్వాత వస్తుందా అన్నారు. నాకు తోచింది చెప్తాను. అది ఇప్పుడు రాలేదు, ఇన్నాళ్ళూ ఉంది. బ్యాంకు గన్‌మన్ పనేమిటి? గేటు చూడటం, వచ్చేపోయేవాళ్ళ చేతులు చూడటం, గోడకి వీపు ఆనించి నిలబడటం. అంటే ఆయన జబ్బు ఏం చెయ్యమంటుందో అదే పనికి పంతొమ్మిదేళ్ళు జీతం ఇచ్చారు. మార్చిలో ఆ డ్యూటీ పోయింది. ఇప్పుడు అదే డ్యూటీ ఇంట్లో చేస్తున్నారు. రిటైరయ్యాక ఇలా బయటపడటం మాకు కొత్త కాదు.

రెండు జాగ్రత్తలు. మెడికల్ షాపులో ఆల్ప్రజోలం అడిగి తెచ్చి వెయ్యకండి. దానితో నిద్ర వస్తుంది, జబ్బు నయం కాదు, పైగా అలవాటైపోతుంది. మద్యంతో కలిస్తే ప్రమాదం కూడా. అలాగే ఆ రెండు పెగ్గులు నిజంగా రెండేనా, కనుక్కోండి. ఎక్కువ తాగే మనిషి చేత ఒక్కసారిగా మానిపిస్తే ఫిట్స్ రావచ్చు, సంధి కొట్టవచ్చు. అది డాక్టరు చేతిమీద జరగాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. గన్‌మన్ అన్నారు. తుపాకీ ఎవరిది? ఇప్పుడెక్కడుంది?

టెక్కలి అమ్మాయి
23 అక్టోబర్, రాత్రి 10:31

డబుల్ బ్యారెల్. లైసెన్సు నాన్న పేరు మీదే. బీరువాలో ఉంది, అమ్మ పట్టుచీరల పక్కన. తూటాలు కూడా అక్కడే.

మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు సార్. పంతొమ్మిదేళ్ళుగా అది మా ఇంట్లో గొడుగులాంటి వస్తువు.

సైకియాట్రీ ఓపీ
23 అక్టోబర్, రాత్రి 10:38

ఇప్పుడే అమ్మకి ఫోన్ చెయ్యండి. బీరువా తాళం ఈ రాత్రి నుంచి ఆవిడ దగ్గర ఉండాలి. తూటాలు వేరే ఇంటికి వెళ్ళాలి. భయపెట్టాలని కాదు, ముందు చెయ్యాల్సిన పని ఇదే.

సుబేదార్ (రిటైర్డ్)
23 అక్టోబర్, రాత్రి 11:20

డాక్టరుగారు అడిగింది కరెక్టు. పొద్దున నేను రాసినప్పుడు ఇది నాకు తోచలేదు. ఒప్పుకుంటున్నాను.

అమ్మా, తాళం సరే. కానీ రేపటి తర్వాత దొంగచాటు పని వద్దు. జవాను దగ్గర ఆయుధం చెప్పకుండా తీస్తే ఇక జన్మలో నమ్మడు. ఎన్నికలప్పుడు ప్రతిసారీ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునే ఉంటారు కదా. అలాగే చెప్పండి. ఉద్యోగం అయిపోయింది, ఇంక రెన్యువల్ దేనికి, డిపాజిట్ చేసేద్దాం, తర్వాత డీలరుకి అమ్ముదాం అని. ఆయన చేతులతోనే ఆయన అప్పజెప్పాలి. అది మర్యాద.

ఒహాయో తెలుగు
24 అక్టోబర్, ఉదయం 7:10

నేను ఇక్కడ మాజీ సైనికుల ఆసుపత్రిలో సైకాలజిస్టుని. డాక్టరుగారు తుపాకీ గురించి ఎందుకు అంత పట్టుబట్టారో ఒక్క లెక్క చెప్తాను. అమెరికాలో ఏటా ఆరువేల మందికి పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకుంటున్నారు, అందులో పదికి ఏడు తుపాకీతోనే. ఇంట్లో తుపాకీకీ మనిషికీ మధ్య ఒక తాళం, పది నిమిషాల ఆలస్యం ఉంటే చాలు, చాలాసార్లు ఆ ఘడియ దాటిపోతుంది.

సుబేదార్ గారూ, మాత్రలు మొద్దు చేస్తాయన్నారు. అసలు దీనికి ముందు చెప్పే వైద్యం మాత్ర కాదు, మాట. ఊరికే కబుర్లు కావు, చాలా కష్టమైన మాట. ఎలా ఉంటుందో చెప్తాను. మనిషి కళ్ళు మూసుకుని ఆ రోజు జరిగింది చెప్పాలి. "వెళ్ళాను" అనకూడదు, "వెళ్తున్నాను" అనాలి. మొదటిసారి అందరూ పేపర్లో వార్తలాగా రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. నేను మళ్ళీ మొదటికి తీసుకెళ్తాను. ఏం వాసన వస్తోంది? చేతిలో ఏముంది? ఎవరు మాట్లాడుతున్నారు? గంటన్నర కూర్చుంటాం. భయం వందకి ఎంత ఉందో మధ్యమధ్యలో అడుగుతుంటాను. 95 అంటారు. అదంతా రికార్డు చేసి ఇస్తే ఇంటి దగ్గర రోజూ వినాలి. ఎనిమిది నుంచి పదిహేను వారాలు. నాలుగో వారానికో ఐదో వారానికో, అదే కథ చెప్తూ 60 అంటారు, 40 అంటారు. జ్ఞాపకం పోదు. అది నిన్నటిది అవుతుంది, అంతే. ఇంకో పద్ధతిలో పన్నెండు సెషన్లు, అందులో జరిగిందాని కన్నా దాని మీద మనిషి తనకి తాను వేసుకున్న తీర్పుతో పని. "వాడు నా వల్లే పోయాడు" లాంటివి. కళ్ళ కదలికలతో చేసేది మూడోది.

మధ్యలో మానేసేవాళ్ళూ చాలామందే, దాచను. పీడకలలకి ప్రాజోసిన్ అని బీపీ మాత్ర ఇస్తుంటారు. 2018లో మాజీ సైనికుల మీదే చేసిన పెద్ద పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రని మించి పనిచెయ్యలేదు. అయినా కొందరికి ఉపయోగపడటం నా కళ్ళతో చూశాను. డెబ్బై దాటిన వియత్నాం తాతలు నా దగ్గరికి వస్తారు. వాళ్ళలో బాగుపడ్డవాళ్ళు ఉన్నారు. అరవై ఏమంత వయసు కాదు చెల్లీ.

గోదారి గట్టు
24 అక్టోబర్, మధ్యాహ్నం 12:48

చరిత్ర పిచ్చివాణ్ణి, క్షమించాలి, కొంచెం పక్కకి వెళ్తాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర. పక్కనే మిలిటరీ మాధవరం, రెండు ప్రపంచ యుద్ధాలకీ ఇంటింటి నుంచీ మనిషిని పంపిన ఊరు. స్మారక స్తంభం మీద పోయినవాళ్ళ లెక్క ఉంటుంది. తిరిగొచ్చి రాత్రిళ్ళు అరిచినవాళ్ళ లెక్క ఎక్కడా ఉండదు.

మొదటి యుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు. మయర్స్ అనే డాక్టరు 1915లో ఆ పేరుతో వ్యాసం రాశాడు. గుండు పేలుడికి మెదడు అదిరిందనుకున్నారు, తీరా చూస్తే పేలుడుకి దూరంగా ఉన్నవాళ్ళకీ వస్తోంది. బ్రిటిష్ సైన్యం పారిపోయారనీ పిరికితనమనీ కాల్చి చంపిన తన సొంత సైనికుల్లో 306 మందికి 2006లో క్షమాభిక్ష ఇచ్చారు. తొంభై ఏళ్ళు ఆలస్యం. అదే కాలంలో ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో రివర్స్ అనే డాక్టరు మాత్రం, మరిచిపొమ్మనడం తప్పు, మాట్లాడనివ్వండి అన్నాడు. ఆ రివర్స్ అంతకుముందు మన నీలగిరుల్లో తోడా గిరిజనుల మధ్య ఉండి వాళ్ళ గురించి పుస్తకం రాసినవాడే! మనుషుల మాట ఓపిగ్గా వినడం అక్కడే నేర్చుకున్నాడేమో అని నా ఊహ.

ఇంకొకటి. యుద్ధం ముందు అర్జునుడి దిగులు గురించి అందరూ చెప్తారు. గెలిచాక ధర్మరాజు పడ్డ బాధ గురించి ఎవరూ మాట్లాడరు. రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. శాంతిపర్వం మొదలయ్యేదే అక్కడ.

విజయనగరం వదిన
24 అక్టోబర్, మధ్యాహ్నం 2:20

గోదారి గట్టు గారూ, బాగుంది కానీ ఆ అమ్మాయికి ఇప్పుడు కావల్సింది అడ్రసండీ, ధర్మరాజు కాదు.

ఒహాయో తెలుగు
24 అక్టోబర్, రాత్రి 8:02

వదినగారూ, ధర్మరాజు కూడా కావాలండీ. ఆయనది భయం కాదు, "నేను చేసింది తప్పు, కర్ణుడు నా అన్న" అనే బాధ. దీన్ని ఇక్కడ మనస్సాక్షికి తగిలిన గాయంగా విడిగా చూస్తున్నారు. భయానికి చేసే వైద్యం ఒక్కటే దానికి సరిపోదు. నాన్నగారిలో అదేమైనా ఉందేమో డాక్టరు అడగాలి.

పింఛను ఫైలు
25 అక్టోబర్, ఉదయం 10:10

పాయింట్లు మాత్రం చెప్తాను. ఆర్మీ మెడికల్ కేటగిరీని షేప్ అంటారు, అందులో మొదటి అక్షరం మానసిక స్థితికే. అది తగ్గితే ప్రమోషన్ మీద, పోస్టింగ్ మీద దెబ్బ. అందుకే ఎవరూ నోరు విప్పరు. రిటైరయ్యే ముందు మెడికల్ బోర్డులో కూడా "అంతా బాగుంది సార్" అంటారు, బయట గన్‌మన్ ఉద్యోగం రావాలి కదా. మీ నాన్నగారూ అదే చేసి ఉంటారు.

ఇప్పుడు డాక్టరుకి చూపించుకున్నంత మాత్రాన, వస్తున్న పింఛను ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఇది ఆయనకి గట్టిగా చెప్పండి, చాలామందికి లోపలున్న భయం ఇదే. డిజబిలిటీ పింఛను వేరే సంగతి. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని గానీ పెరిగిందని గానీ తేలాలి. చేరినప్పుడు ఏ జబ్బూ రాసి లేకపోతే అనుమానం లాభం సైనికుడికే అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మూర్ఛ కేసు, కానీ ఆ సూత్రం అందరూ వాడుకుంటున్నారు. 2023 సెప్టెంబర్ నుంచి నిబంధనలు బిగించారు. మీది 2006 కేసు, ఇన్నేళ్ళ తర్వాత సులువు కాదు. ముందు వైద్యం చూసుకోండి.

సైకియాట్రీ ఓపీ
25 అక్టోబర్, రాత్రి 9:44

అడ్రసు అడిగారు కాబట్టి. ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కి వెళ్ళి "నిద్ర పట్టట్లేదు" అని చెప్పండి, రిఫరల్ ఇస్తారు. "మానసికం" అనే మాట మీరు ముందు ఎత్తనక్కర్లేదు. ఈలోపు రాత్రిపూట కష్టమైతే 14416, టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు, ఇరవై నాలుగ్గంటలూ.

ఒహాయో మేడమ్ చెప్పిన వైద్యం నిజం, కానీ మన దగ్గర అది నేర్చినవాళ్ళు పెద్ద ఊళ్ళలోనే, అదీ కొద్దిమందే. నా ఓపీలో ఒక్కో పేషెంటుకి పది నిమిషాలు దొరికితే గొప్ప. అందుకే మేం సెర్ట్రలిన్ లాంటి మాత్రతో మొదలుపెడతాం. పనిచెయ్యడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకి "ఏం తేడా లేదు" అని ఆపేసేవాళ్ళే ఎక్కువ. సుబేదార్ గారూ, ఇది మొద్దు చేసే మాత్ర కాదు. మొద్దు చేసేది మీ క్యాంటీన్లో దొరుకుతుంది.

సుబేదార్ (రిటైర్డ్)
26 అక్టోబర్, ఉదయం 5:40

దెబ్బ కొట్టారు డాక్టరుగారూ.

అమ్మా, మీ నాన్నగారి నంబరు ప్రైవేటు మెసేజ్‌లో పంపండి. నేనేం చెప్పను, ఊరికే పలకరిస్తాను. జాఫ్నా నుంచి వచ్చాక నేను రెండేళ్ళు కొబ్బరితోటలోకి వెళ్ళేవాణ్ణి కాదు. అక్కడ కాల్పులు ఎప్పుడూ చెట్ల మధ్య నుంచే వచ్చేవి. ఇంటి ఆడవాళ్ళకి పురుగుంటుందని చెప్పాను.

టెక్కలి అమ్మాయి
9 నవంబర్ 2025, రాత్రి 10:15

ఆలస్యమైంది, క్షమించండి. తుపాకీ స్టేషన్‌కి వెళ్ళింది. నాన్నే తుడిచి, నూనె రాసి, గుడ్డ చుట్టి తీసుకెళ్ళారు. రసీదు రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు. వచ్చేటప్పుడు టీ తాగుదామన్నారు. అంతే.

సుబేదార్ గారు ఫోన్ చేశారు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు, హిందీలో, తెలుగులో కలిపి. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. రేషన్ గురించి, పరాఠాల గురించి, గుండు బరువు గురించి. నలభై కిలోల పైనే ఉంటుందట ఒక్కొక్కటి, రాత్రంతా మోస్తే పొద్దున గ్లాసు పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకునేవి కావట. అసలు విషయం ఒక్క ముక్క కూడా మాట్లాడుకోలేదు. కానీ ఫోన్ పెట్టేశాక నాన్న అమ్మతో "నిద్ర గోలీ ఏదో ఉందంట, కనుక్కుంటే పోలా" అన్నారు.

పాలీక్లినిక్‌లో రిఫరల్ తీసుకుని విశాఖలో చూపించాం. మాత్ర మొదలైంది. పెగ్గులు రెండు కాదు, నాలుగు. డాక్టరు నెమ్మదిగా తగ్గిస్తున్నారు.

టెక్కలి అమ్మాయి
28 డిసెంబర్ 2025, సాయంత్రం 6:50

ఒహాయో అక్కకి చెప్పాలని. విశాఖలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దొరికారు, వారానికోసారి. ఐదు అయ్యాయి. మూడోదాని తర్వాత రెండు రోజులు అన్నం తినలేదు, ఇంక వెళ్ళనన్నారు. "సగంలో పొజిషన్ వదలరు కదా సార్" అని సుబేదార్ గారు మళ్ళీ ఫోన్ చేస్తే వెళ్ళారు.

నిన్న బస్సులో ఆయనంతట ఆయనే చెప్పారు. ద్రాస్‌లో ఒక రాత్రి బండి దగ్గరికెళ్ళి టీ కెటిల్ తెచ్చే వంతు నాన్నది. మోకాలు నొప్పిగా ఉందని తమిళ అబ్బాయి ఒకాయన్ని పంపారట. అటు నుంచి వచ్చిన గుండు బండి పక్కన పడింది. కెటిల్‌కి చిల్లు కూడా పడలేదట. ఇంత చెప్పి, కిటికీ అద్దం మూసి, నర్సన్నపేట వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. మోకాలి నొప్పి అని మా ఇంట్లో ఎవరన్నా ఎందుకు అంత కోపం వచ్చేదో నాకు ఇప్పుడు తెలిసింది.

మంచం ఇంకా వరండాలోనే ఉంది. గేటు మాత్రం రాత్రికి ఒక్కసారే చూస్తున్నారు.

ఒక ప్రశ్న. భోగి వస్తోంది. మా వీధిలో మంటతో పాటు బాంబులు కూడా కాలుస్తారు. ఆ రోజుకి నాన్నని ఎక్కడికైనా తీసుకెళ్ళిపోవాలా?

విజయనగరం వదిన
28 డిసెంబర్, రాత్రి 8:12

మేం మొదటి ఏడాది పారిపోయాం. రెండో ఏడాది నుంచి వీధి పిల్లల్ని పిలిచి, ఎప్పుడు కాలుస్తారో ముందే వచ్చి చెప్పమన్నాం. "అంకుల్, ఇప్పుడు కాలుస్తున్నాం" అని గేటు దగ్గర అరిచి వెళ్ళేవాళ్ళు. చెప్పి పేల్చినదానికి అంత ఉలికిపాటు ఉండదు. అయినా సైకాలజిస్టుని ఒక మాట అడుగు చెల్లీ, ఏది ఎప్పుడు చెయ్యాలో వాళ్ళకో లెక్క ఉంటుంది. మీ వీధి పిల్లలకి జంతికలు మాత్రం ఎక్కువ చేసి ఉంచు.